కదలకుండా చెయ్యమంటే

ఆ వీధుల్లో ఆమెను అందరూ టకటకమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు ఏ కాగితంలోనో ఉండే ఉంటుంది, దానితో ఎవరికీ అవసరం పడలేదు. ఎవరింటికి పనికి పిలిచినా గుమ్మం దాటగానే కుర్చీ వైపు చూసేది కాదు, మంచినీళ్ళు అడిగేది కాదు. చేతిసంచిలోంచి జానెడు సుత్తి తీసి కిటికీ గ్రిల్లు మీద టకటకమని తట్టుకుంటూ పోయేది. చువ్వ చువ్వకీ ఒక దెబ్బ, దెబ్బ దెబ్బకీ తల పక్కకి వంచి క్షణంసేపు వినడం. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న ఇనుము, పైన ఎన్ని పూతల రంగు వేసి పెళ్ళికూతురిలా ముస్తాబు చేసినా, డొల్లగా మూలుగుతుంది. గోడలో పట్టు వదిలిన గ్రిల్లు ఒక్కసారి తడితే రెండుసార్లు పలుకుతుంది. ఈ మూడు మోతలూ తెలిస్తే చాలు, మిగతాది చెయ్యి వేసి తేల్చుకోవచ్చునని ఆమె అనేది.

ఒకసారి రిటైరయిన ఇంజినీరుగారొకాయన, వెనక గది గ్రిల్లుకు రెండు నెలల కిందటే రంగు వేయించానని, దానికి ఢోకా లేదని, ముందు గదిలో చిరిగిన దోమల జాలి ఒక్కటి చూసి పొమ్మని చెప్పాడు. ఆమె విననట్టే వెనక గదిలోకి పోయి, గ్రిల్లు అడుగు పట్టీ మీద తట్టి, స్క్రూడ్రైవరు ఆనించి బొటనవేలితో నొక్కింది. అది మెత్తటి రొట్టెలోకి దిగినట్టు దిగి అవతలికి వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, ఏం చదివావమ్మా అని అడిగాడు. రెండో తరగతి సగంలో మానేశాననీ, వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూడ్డానికి ఆ మాత్రం చదువు కూడా ఎక్కువేననీ ఆమె జవాబిచ్చింది. అక్కడితో ఆగలేదు. అడుగు పట్టీకి నీళ్ళు కారిపోయే చిల్లు ఒక్కటి పెట్టించి ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు బతికేదని, పెద్ద పెద్ద వంతెనలు కట్టిన మనిషికి తన ఇంటి కిటికీ కింద ఏం జరుగుతోందో తెలియకపోవడం వింతేనని, జాలి బిగిస్తున్నంతసేపూ చెబుతూనే ఉంది.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ చుట్టుపక్కల అనేవారు. అది నిజం కాదు. ఆమెకు కోపం ఒళ్ళంతా ఉండేది. ముక్కు మీద కనబడేది కొసరు మాత్రమే.

ఉండదా మరి? జబ్బు ఎక్కడుందో కనిపెట్టేది ఆమె. పేరు మాత్రం మొగుడిది. ముప్పై ఏళ్ళుగా ఆయన వెల్డరు. పెళ్ళయిన కొత్తలో అన్నం గిన్నె తీసుకుని ఆయన పనిచేసే చోటికి వెళ్ళేది. ఆయన తినేదాకా ఖాళీగా కూర్చోలేక అక్కడున్న గ్రిల్లుల్ని తట్టి చూస్తూ మోతలు నేర్చుకుంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక సంచి భుజాన వేసుకుని ఆయన వెంటే తిరగడం మొదలుపెట్టింది. కొయ్యడం, చిల్లులు పెట్టడం, జాలి లాగి బిగించడం, గోడలో పట్టు వదిలిన కాళ్ళకి మళ్ళీ సిమెంటు పట్టించడం, అన్నీ చేసేది. అతుకు ఒక్కటే ఆయనది. అయినా ఇళ్ళవాళ్ళు ఆయనతో మాట్లాడేవారు, ఆమెను చూపించి, ఆవిడకి కాస్త పక్కకి జరగమని చెప్పండి అనేవారు. కూలికి వెంట వచ్చిన మనిషనుకునేవారు. ఆయన కూడా కాదనేవాడు కాదు.

ఆయన మంచి పనివాడు, అందులో మాట లేదు. ఆయన వేసిన అతుకు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా కూర్చునేది. కాని రెండేళ్ళ కిందట ఆయన చూపుకి నడిమధ్య బొట్టంత మసక పట్టింది. పోను పోను అది అరచెయ్యంత అయింది. అంచుల్లో కాస్త తెలిసేది. ఎదురుగా ఉన్నది మాత్రం మాయమయ్యేది. మనిషి వస్తున్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆయన, ఈ సంగతి మూడో చెవిన పడకూడదు అన్నాడు. ఆమె సరేనంది. ఆ ఒక్క సరే కోసం తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

అప్పటినుంచి ఇద్దరూ కలిసి ఒక నాటకం ఆడేవారు. ఆమె తట్టి, చోటు పట్టుకుని, అక్కడ వేలు ఆనించేది. ఆయన ఆ వేలి మీద చెయ్యి వేసి చోటు గుర్తు పెట్టుకునేవాడు. ఆమె వేలు తీసేశాక ముసుగు దించి అతుకు వేసేవాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి కాబట్టి కొలత తప్పేది కాదు. చూసేవాళ్ళు, ఎంత అన్యోన్యమో ఈ ముసలి దంపతులు అని మురిసిపోయేవారు. ఆమెకు ఒళ్ళు మండేది.

అలా నడుస్తుండగా ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చి మంచం దిగలేకపోయింది. ఆ పొద్దునే ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు నుంచి ఫోను వచ్చింది. రెండో అంతస్తు కిటికీ గ్రిల్లులో ఒక ముక్క గాలికి గడగడలాడుతోందట, పిల్లలకు నిద్రలు లేవట. రేపు వస్తామని చెప్పమని ఆమె దుప్పట్లోంచే అరిచింది. ఆయన మిషను ఆటోలో పెట్టించుకుని ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చి, నువ్వు లేకపోతే లోకం ఆగిపోతుందనుకున్నావా అన్నట్టు మొహం పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఎక్కడ, ఎలా అతికించావని ఆమె అడగలేదు. జ్వరం ఒక వంక. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనన్న భయం ఇంకొకటి.

మూడు వారాల తర్వాత అదే హాస్టలు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది, ఈసారి జాలి చిరిగిందని. జాలి పనికి అతుకు అక్కర్లేదు కాబట్టి ఆమె ఒక్కతే వెళ్ళింది.

మూడంతస్తుల ఇరుకు భవనం అది. అందరికీ కలిపి ఒకటే మెట్లదారి. మెట్ల మొదట్లోనే వంటిల్లు. మెట్ల కిందనే గ్యాసు సిలిండర్లు బడిపిల్లల్లా వరసగా నిలబెట్టి ఉంటాయి. రెండో అంతస్తులో పొడుగాటి గది, పదకొండు మంచాలు, మంచాల కింద పెట్టెలు, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు. గది చివర పెద్ద కిటికీ. పగలు కాబట్టి పిల్లలంతా ఉద్యోగాలకు పోయారు. ఒక్క నర్సు పిల్ల మాత్రం రాత్రి డ్యూటీ చేసి వచ్చి తలదాకా ముసుగేసుకుని పడుకుంది.

టకటకమ్మ అలవాటు కొద్దీ జాలి వదిలేసి గ్రిల్లు తట్టడం మొదలుపెట్టింది. ముసుగులోంచి మాట వచ్చింది.

"ఆంటీ, తెల్లారేదాకా నిలబడే ఉన్నాను. కాస్త నెమ్మదిగా కొట్టండి."

"నెమ్మదిగా కొడితే నిజం చెప్పదమ్మా ఇనుము" అని ఆమె ఇంకో నాలుగు దెబ్బలు వేసింది.

గ్రిల్లు మధ్యలో మనిషి పట్టేంత చదరం ఒకటి ఉంది. దానికి వేరే చట్రం. అంటే అది తలుపు. తలుపుకి దాని మోత దానికుండాలి. బయటి చట్రం ఒక రకంగా, లోపలిది ఇంకో రకంగా పలకాలి. ఇక్కడ మొత్తం ఒకటే మోత, గోడని కొట్టినట్టు. ఆమె ముక్కు గ్రిల్లుకి ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. గడియ వైపు రెండు అతుకులు. మడత బందుల వైపు రెండు. రంగు మీద రంగు పడి బందులు ఉండలు కట్టి ఉన్నాయి. ఆ ఉండలు పాత అతుకులే అనుకుని వాటి పక్కనే కొత్తవి పడ్డాయి. చేప పొలుసుల్లా, వరసగా, ముచ్చటగా.

ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొగుడి గొంతు ఎంత తెలుసో ఆ అతుకూ అంతే తెలుసు. బందు పక్కన ఏ పనివాడూ అతుకు వెయ్యడు, బందు కనబడనివాడు తప్ప.

నర్సు పిల్ల లేచి కూర్చుంది. అది తలుపేనని, మొన్నటిదాకా తెరుచుకునేదని చెప్పింది. కిటికీ బయట చప్టా, చప్టా పక్కన కిందిదాకా ఇనుప నిచ్చెన ఉన్నాయట. పాత వార్డెను ఉన్నప్పుడు ఆరు నెలలకోసారి అందరి చేతా అందులోంచి దూరించి దింపించేదట. గడియ విరిగిపోయాక గాలికి గడగడలాడుతుంటే ఎవరో పెద్దాయన వచ్చి అతికించి వెళ్ళాడట.

"నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మీ సంచిలాంటి సంచే ఉంది. తెలిసినవాళ్ళా ఆంటీ?"

కింద వంటింట్లోంచి పోపు పొగ మెట్ల మీదుగా ఆ గదిలోకి వస్తోంది. పోపు పొగే ఇలా తిన్నగా వస్తే, అసలు పొగ ఎలా వస్తుందో టకటకమ్మకు కళ్ళకు కట్టింది. మెట్లలో మంట, కిటికీలో గోడ, మధ్యలో పదకొండు మంచాలు. ఆమె సుత్తి సంచిలో వేసుకుని తిన్నగా వార్డెను గదికి దిగింది.

వార్డెను నలభై దాటిన మనిషి. బల్ల మీద తాళంచెవుల గుత్తి పెట్టుకుని, దాని పక్కన గంట పెట్టుకుని కూర్చునేది. టకటకమ్మ చెప్పిందంతా వింది. ఆ నాలుగు అతుకులూ ఇప్పుడే కోసేస్తానని, గడియ కొత్తది వేసి, చప్పుడు రాకుండా మధ్యలో రబ్బరు ముక్కలు పెడితే సరిపోతుందని, అసలు మొదటే చెయ్యాల్సిన పని అదేనని ఆమె చెప్పింది.

వార్డెను ఒప్పుకోలేదు. గడగడలు ఆగిపోయాయి, హాయిగా ఉంది అంది. పైగా ఆ తలుపు ఉన్నప్పుడు పిల్లలు చప్టా మీదికెక్కి ఫోన్లు మాట్లాడేవారట. ఎదురింటివాళ్ళు మాట అంటే పడాల్సింది తనట. ఇప్పుడా బెడద లేదు, యజమాని కూడా మంచి పనే జరిగిందన్నాడు అంది.

"నేను కదలకుండా చెయ్యమన్నాను. ఆయన కదలకుండా చేశాడు. దీంట్లో తప్పేముంది?"

"కదలకుండా చెయ్యడమంటే చప్పుడు రాకుండా చెయ్యడం మేడం. తెరుచుకోకుండా చెయ్యడం కాదు. మా పనిలో ఆ మాటకి అర్థం అదే."

"మరి మీ పనే చేసే ఆయన అలా ఎందుకు చేశాడు? ముప్పై ఏళ్ళ అనుభవం అంటారు. తలుపో కాదో ఆయనకి తెలియదా? ఆలోచించే చేసుంటాడు. ఆయన వచ్చి ఇది తప్పు అని చెప్పమను, అప్పుడు చూద్దాం. కూలికి వెంట తిరిగేదానివి, నువ్వు చెబితే నేను కోయించాలా?"

టకటకమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకి కనబడలేదు అని ఒక్క ముక్క అంటే అక్కడితో తేలిపోయేది. ఆ ఒక్క ముక్కే నోట్లోంచి రాలేదు. ఆ యజమానికి ఊళ్ళో ఇంకో మూడు భవనాలున్నాయి, అన్నిటికీ వీళ్ళే పని చేస్తారు. అది కూడా అసలు కారణం కాదు. రెండేళ్ళు దాచిన మాట పళ్ళ వెనక తుప్పు పట్టి కూర్చుంది. జాలి పని ముట్టకుండా ఇంటికి వచ్చేసింది.

దారంతా కోపమే. వార్డెను మీద కోపం, ఆ తాళాల గుత్తి మీద కోపం, మెట్ల కింద సిలిండర్లు పేర్చినవాడి మీద కోపం. ఇల్లు దగ్గరయ్యేసరికి అవన్నీ కరిగి ఒక్క మనిషి మీద మిగిలాయి.

ఆయన వాకిట్లో స్టూలు మీద కూర్చుని రేడియో వింటున్నాడు. ఆమె రేడియో కట్టేసి జరిగింది చెప్పింది. ఆయన మొదట నమ్మలేదు. తలుపుని అతికించడానికి తనకేం పిచ్చి పట్టిందా అన్నాడు. బందులున్నాయని ఆమె అంటే లేవన్నాడు. చేత్తో తడిమి మరీ చూశానన్నాడు. ఆ మాట నోరు జారి వచ్చింది.

"తడిమి చూశావు" అంది ఆమె. "చూసి చూళ్ళేదన్నమాట."

"ఆవిడే కదలకుండా చెయ్యమంది."

"ఆవిడ పేరు చెప్పి దాక్కోకు. పదకొండు మంది పిల్లలు పడుకుంటారయ్యా అక్కడ. రేపు వచ్చి, నాది తప్పు, కోసెయ్యండి అను. అంతకంటే ఇంకేం చెప్పక్కర్లేదు. ఎందుకు తప్పయిందని ఎవరూ అడగరు."

"అడుగుతారు" అన్నాడాయన. "ముప్పై ఏళ్ళవాడు తలుపుకి గోడకి తేడా తెలియకుండా అతికిస్తే, ఎందుకని అడక్క ఊరుకుంటారా? అడిగితే ఏం చెప్పాలి నేను? తాగొచ్చానని చెప్పనా?"

తాగొచ్చానని చెప్పినా ఆమెకు అభ్యంతరం లేదు. అదే అంది. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన తనే ఉతికిన చొక్కా వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తయారయ్యాడు. పద అన్నాడు. ఆమె గుండె మీదనుంచి బండరాయి దిగినట్టయింది. ఎంత మొండివాడైనా పని దగ్గర మనిషే, పని తప్పయితే ఒప్పుకుంటాడనుకుంది. కటింగు మిషను, కొత్త గడియ, పాత ట్యూబు రబ్బరు అన్నీ సంచిలో సర్దుకుంది.

ఆ రోజు సెలవు. పిల్లలంతా గదిలోనే ఉన్నారు. జుట్టు దువ్వుకునేవాళ్ళు, గోళ్ళకు రంగు వేసుకునేవాళ్ళు, ఫోనులో మునిగినవాళ్ళు. వార్డెను తాళాల గుత్తి మోగించుకుంటూ పైకి వచ్చి, ఏం పెద్దాయనా, మీవిడ ఏదో అంటోంది, మీరేమంటారు అని అడిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పని సరిగ్గానే ఉందమ్మా. మీరు కదలకుండా చెయ్యమన్నారు, చేశాను. మా ఆవిడకి చాదస్తం ఎక్కువ."

టకటకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వార్డెను నవ్వి, చూశావా అన్నట్టు ఆమె వైపు తలాడించింది. ఒకరిద్దరు పిల్లలూ నవ్వారు. ఆయన మెట్ల వైపు తిరిగి వెళ్ళబోయాడు. ఆ ఒక్క అబద్ధంతో ఆ తలుపు ఎప్పటికీ గోడగానే ఉండిపోతుందని, ఇంక ఎవరొచ్చి చెప్పినా వార్డెను ఈ మాటే అడ్డం పెట్టుకుంటుందని ఆమెకు తెలుసు.

"ఆగవయ్యా" అంది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు, అందుకే ఆగాడు. "ఆ చిన్న తలుపుకి బందులు ఏ పక్కనున్నాయో చెప్పు."

ఆయన చెయ్యి ముందుకు చాచి కిటికీ వైపు అడుగు వేశాడు. ఆమె అడ్డంగా వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది.

"చేత్తో కాదు. కళ్ళతో చెప్పు."

గదిలో దువ్వెన చప్పుడు కూడా ఆగిపోయింది. పట్టపగలు, కిటికీ నిండా ఎండ. బందులు ఎడమ వైపు ఉండలు ఉండలుగా కనబడుతూనే ఉన్నాయి. ఆయన మొహం ఇటు కాస్త, అటు కాస్త తిప్పాడు, అంచుల్లోనైనా దొరుకుతాయేమోనని. ఆమె మణికట్టు వదల్లేదు. ఆ చేతిలో నాడి ఎలా కొట్టుకుంటోందో ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు జాలిపడితే అయిపోతుందని పళ్ళు బిగబట్టింది.

"కుడి పక్క" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. నర్సు పిల్ల మంచం దిగి వచ్చి ఆయన మొహం ముందు వేళ్ళు ఆడించి చూసి, చెయ్యి దించేసింది.

వార్డెనుకు సంగతి అర్థమై మొహం ఎర్రబడింది. కళ్ళు కనబడని మనిషిని తమ హాస్టలుకి పంపిస్తారా అని, ఎంత మోసమని, ఇప్పుడే యజమానికి ఫోను చేస్తానని మొదలుపెట్టింది. టకటకమ్మ ఆమెను సగంలో ఆపేసింది.

"చెయ్యండి. మా తప్పు మాది, ఇన్నాళ్ళూ దాచాం, ఇప్పుడు మీ ముందే బయటపెట్టాను. మరి మీ మాటేంటి? ఆయనకి కనబడలేదు, అతికించాడు. మీకు రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. తలుపని మీకు తెలుసు. అతుకు పడ్డాక పొద్దున్నే చూశారు, సాయంత్రం చూశారు, మూడు వారాలు చూశారు. హాయిగా ఉందన్నారు. ఇద్దరిలో గుడ్డివాళ్ళెవరు మేడం?"

వార్డెను ఫోను తీసి నంబరు వెతుక్కోవడం మొదలుపెట్టింది. టకటకమ్మ ఆ నంబరు దొరికేదాకా ఆగలేదు. కళ్ళకి అద్దాలు పెట్టుకుని, మంచాల మీది దుప్పట్లు తియ్యమని పిల్లలకి చెప్పి, మిషను ప్లగ్గు పెట్టింది. నిప్పురవ్వలు కిటికీ బయటికి చిమ్మాయి. చేప పొలుసుల్లాంటి ఆ నాలుగు అతుకులూ ఒకటొకటిగా తెగిపోయాయి. మూడోదాని దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంత చక్కటి అతుకు ఆయన మళ్ళీ వెయ్యడని అనిపించింది. అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది. కోసేసింది.

తలుపు మొరాయించి, కిర్రుమని తెరుచుకుంది. అప్పుడు మొదలైంది ఇంకో తగువు. గడియతో పాటు తాళం కూడా వెయ్యాలని, చెవి తన గదిలో ఉంటుందని వార్డెను అంది. దొంగల భయమట. తాళం వేస్తే అది మళ్ళీ గోడేనని, చెవి కోసం పిల్లలు మంటల్లోంచి కిందికి దిగి మీ గంట కొట్టాలా అని టకటకమ్మ అడిగింది. దొంగ సంగతి తను చూసుకుంటానంది. బయటినుంచి చువ్వల సందుల్లో చెయ్యి పెట్టినా అందకుండా గడియ మీద రేకు ముక్క ఒకటి అడ్డంగా బిగించింది. లోపలినుంచి మాత్రం చిన్నపిల్ల కూడా ఒక్క వేలితో తియ్యగలదు. అతుకు జోలికి పోకుండా నట్లు బోల్టులతోనే పనంతా కానిచ్చింది. చట్రానికి నాలుగు వైపులా రబ్బరు అంటించి, తలుపు వేసి, రెండు చేతులతో పట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. వేలితో గడియ తీసింది. తెరుచుకుంది.

"కదలకుండా చెయ్యడమంటే ఇదీ" అంది, వార్డెనుకు వినబడేలా.

తర్వాత పదకొండు మంది చేతా ఒక్కొక్కరిగా అందులోంచి దూరించి నిచ్చెన దింపించింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఒకతె చెప్పు కింద పడింది. మీరూ రండి మేడం, రేపు అవసరం వస్తే మీరేమైనా ఎగిరి వెళతారా అని పిల్లలంతా అడిగేసరికి వార్డెనుకు తప్పలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, తిట్టుకుంటూ దూరింది. తాళాల గుత్తి మాత్రం చువ్వకి తగులుకుని లోపలే ఉండిపోయింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగలేదు.

ఆ రోజు మధ్యాహ్నానికే సంగతి ఆడపడుచు చెవిన పడింది. ఆవిడ ఫోనులో నిప్పులు చెరిగింది. మా అన్నయ్య పరువు నలుగురిలో తీశావు వదినా, మొగుడి చెయ్యి పట్టుకుని గుడ్డివాడని చాటింపు వేశావు, నీకసలు గుండె ఉందా అంది. టకటకమ్మ మొత్తం విని, ఆ గదిలో నీ కూతురు పడుకుని ఉంటే అప్పుడు ఏమనేదానివో ఒకసారి అనుకుని చూసి, మళ్ళీ ఫోను చెయ్యమంది. మళ్ళీ ఫోను రాలేదు.

అది ఇంటికి చేరాక. అంతకుముందు, హాస్టలు గేటు దాటి ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. ఈ రెండేళ్ళూ రోడ్డు దాటాల్సి వస్తే ఆమె ఏదో పని ఉన్నట్టు ఒక అడుగు ముందు నడిచేది, ఆయన ఆమె సంచి మోస్తున్నట్టు దాని పట్టీ పట్టుకునేవాడు. చూసేవాళ్ళకి తెలిసేది కాదు. ఇవాళ ఆమె ముందు నడవలేదు. ఆయన పట్టీ పట్టుకోలేదు. ఇద్దరూ రోడ్డు అంచున పక్కపక్కన నిలబడ్డారు. బస్సులు, లారీలు, హారన్లు. ఆయన ఒక కాలు కిందికి దింపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ దింపాడు. ఆమెకు పీక పట్టుకుని వెనక్కి లాగాలనిపించింది. లాగలేదు. సంచి రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడింది. అబద్ధానికి మళ్ళీ పట్టీ ఇవ్వనని అంతకు ముందే ఒట్టు పెట్టుకుంది.

అలా ఎంతసేపు నిలబడ్డారో. చివరికి ఆయన, ఆమె వైపు తిరక్కుండానే అడిగాడు.

"బండ్లు వస్తున్నాయా?"

రెండేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"వస్తున్నాయి. ఆగు" అంది ఆమె, ఇంకా కోపంగానే.

ఆయన ఆగాడు.